ముసలి సేనాని కుచ్చిళ్ళు

నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను, దాచి లాభం లేదు. ఒక దేశం నాలుగు వందల ఏళ్ళు పడ్డ బానిసత్వాన్ని నేను నలభై నిమిషాల్లో ఇస్త్రీ పెట్టెతో సాపు చేసేశాను. పైగా గంజి కూడా పెట్టాను.

గుదైబియాలో ఒక సందులో మా లాండ్రీ. ఎడమపక్క కఫెటీరియా, కుడిపక్క హైదరాబాద్ భాయ్ టైలర్ షాపు. ఇరవై రెండేళ్ళుగా ఆ రెంటి మధ్య ఒకే టేబుల్ వెనక నిలబడి ఉన్నాను. మా ఊళ్ళో అందరూ నేను దుబాయిలో ఉన్నానంటారు. ఇది బహ్రెయిన్ అని మొదటి రెండు సెలవుల్లో చెప్పి చూశాను, తర్వాత మానేశాను. ఇంటికి డబ్బులు అందుతున్నంత కాలం ఏ దేశమైతే ఏంటని మా ఆవిడే అంటుంది.

మాది చాకలి కుటుంబం. మా అవ్వ దొర పంచెలు ఉతికేది. మడత విప్పినప్పుడు ఒక్క ముడత కనిపించినా దొర ఆ పంచెను గడీ ముందు మట్టిలో పారేసి మళ్ళీ ఉతుక్కు రమ్మనేవాడట. అందుకే మా ఇంట్లో ముడత అంటే తిట్టు. అమ్మ బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో ఊరందరి బట్టలూ చేసేది, మా నిక్కర్లు కూడా వదిలేది కాదు. ఆ జబ్బు నాకూ అంటుకుంది. బస్సులో పక్కనున్నవాడి చొక్కా నలిగి ఉంటే నాకు ప్రయాణం సుఖంగా సాగదు. పెళ్ళికి వెళితే పెళ్ళికొడుకు మొహం కన్నా ముందు కాలర్ చూస్తాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు.

ఇక ఇంజనీరు సాబ్ సంగతి. ఆయనది గ్రీసు దేశం. అరవై దాటిన మనిషి, పెద్ద మీసాలు, ఓడలు బాగుచేసే యార్డులో పని. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఉంటూ, అక్కడ లాండ్రీలే లేనట్టు ఎనిమిదేళ్ళుగా చొక్కాలు నాకే తెచ్చి ఇచ్చేవాడు. తన చొక్కా కాలర్ నేను చేసినట్టు ఇంకెవరూ చేయలేరని ఆయన నమ్మకం. నాకూ అదే నమ్మకం. నన్ను సదీక్ అని పిలిచేవాడు, స్నేహితుడా అన్నట్టు. మా మాటలు కొంచెం ఇంగ్లీషు, కొంచెం హిందీ, కొంచెం అరబ్బీ. ఇక్కడ మాత్రం ఆయన మాటలు నా తెలుగులో రాస్తున్నాను.

పోయినేడు మార్చిలో ఒక ఆదివారం ఆయన ఒక దిండు గలీబులో ఏదో చుట్టి తెచ్చాడు. ఫోన్లో మాట్లాడుతూనే టేబుల్ మీద పెట్టి, "చాలా పాతది సదీక్, జాగ్రత్త. కాఫీ మరక పోతే చాలు. శుక్రవారం పొద్దున కావాలి" అని వెళ్ళిపోయాడు. విప్పి చూస్తే తెల్లటి లంగా. సాబ్ భార్యది అయ్యుంటుందనుకున్నాను. నడుము నుంచి అంచు దాకా దాని నిండా ముడతలే. ఎన్నని చెప్పను, దారప్పోగంత సందు కూడా లేకుండా ముడతలు. పాపం, ఏ పెట్టెలోనో ఏళ్ళ తరబడి నలిగిపోయి ఉంటుందని జాలేసింది. ఎనిమిదేళ్ళ పరిచయం, మరక పోగొట్టి అలాగే ఇచ్చేస్తే మనిషినేనా అనుకున్నాను.

సోమవారం దాన్ని మిషన్‌లో వెయ్యకుండా చేత్తో ఉతికాను. మరక పోయింది. గంజి పెట్టి, ఆరీ ఆరకముందే టేబుల్ మీద పరిచి, తిప్పుకుంటూ తిప్పుకుంటూ ఇస్త్రీ చేశాను. నడుము పట్టీ దగ్గర కుట్టు ఉంది కాబట్టి అక్కడ మాత్రం కుచ్చు మిగిలింది, కింద అంతా అద్దంలా వచ్చింది. విప్పితే గొడుగంత. అంత బాగా కుదిరిన పని లోపల దాచడం ఎందుకని, వచ్చే పోయేవాళ్ళకు కనిపించేలా రెండు హ్యాంగర్లకు వేసి అద్దాల తలుపు పక్కనే తగిలించాను.

మంగళవారం మధ్యాహ్నం సాబ్ సందులోంచి వెళుతూ అద్దం దగ్గర ఆగిపోయాడు. లోపలికి వచ్చాడు.

"చూడండి సాబ్, ఒక్క ముడత లేదు" అన్నాను. నా మొహంలో ఎంత వెలుగు ఉందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆయన అంచు పట్టుకుని వేళ్ళతో తడిమాడు. తర్వాత మెల్లగా బెంచీ మీద కూర్చున్నాడు. గుండెనొప్పేమోనని పరుగున నీళ్ళిచ్చాను.

"ఆ ముడతలు మా అమ్మ పెట్టింది, సదీక్" అన్నాడు.

అప్పుడు తెలిసింది. అది ఆడవాళ్ళ లంగా కాదు. రెండు వందల ఏళ్ళ కిందట తుర్కుల మీద తిరగబడ్డ వాళ్ళ దేశపు వీరులు కట్టుకున్న బట్ట. దానికి నాలుగు వందల కుచ్చిళ్ళు ఉంటాయట, తుర్కుల కింద గడిచిన ఏడాదికి ఒకటి చొప్పున. ఈయన తల్లి దాన్ని భర్త కోసం కుట్టి, ఒక్కో కుచ్చీ వేళ్ళతో పెట్టింది. తండ్రి తర్వాత కొడుక్కి వచ్చింది. తల్లి పోయి పదకొండేళ్ళు. ఏటా వాళ్ళ స్వతంత్ర పండగ అయిపోగానే ఈయన దాన్ని గట్టిగా చుట్టి, దారం కట్టి గలీబులో దాచేవాడు, ఆ కుచ్చిళ్ళు చెదరకూడదని ఒక్కసారి కూడా ఉతికించలేదు. ఇక్కడున్న నాలుగు గ్రీకు కుటుంబాలూ ఏటా మార్చిలో ఒక హాల్లో కలుస్తాయి. అక్కడ ఈయన ఆ తిరుగుబాటు నడిపిన ముసలి సేనాని వేషం వేసి పిల్లలకు ఆయన కథ చెప్తాడు. వచ్చే నెలలో ఉద్యోగం అయిపోతుంది, ఇంటికి వెళ్ళిపోతున్నాడు. అంటే ఈ శుక్రవారమే ఆఖరుసారి. ఇంట్లో ఒకసారి కట్టుకుని చూస్తుంటే కాఫీ ఒలికింది.

ఇంకొకరైతే టేబుల్ తిరగేసేవారు. ఆయన అరవలేదు, అదే నన్ను చంపింది. "శుక్రవారం లోపల మళ్ళీ పెడతాను సాబ్" అన్నాను. ఎలా పెట్టాలో నాకు తెలియదు. నాకెప్పుడూ నోరు ముందు, బుర్ర తర్వాత.

"మా అమ్మ లేదు కదా" అన్నాడాయన. కోపంగా కాదు, నాకు తెలియదేమోనని చెప్పినట్టు. లేచి వెళ్ళిపోయాడు. ఇరవై రెండేళ్ళలో నన్ను తిట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ రోజంత చిన్నవాణ్ణి ఎప్పుడూ కాలేదు.

పక్క షాపు భాయ్ అంతా విని వచ్చాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద, నన్ను ఏడిపించనిదే ఆయనకు చాయ్ దిగదు. "తమ్మీ, గింత సాపు నేనెన్నడు జూడలే. బాద్షా దస్తర్ఖాన్ లెక్క జేసినవ్. బిర్యానీ పెడుదమా దీని మీద?" అన్నాడు.

"నవ్వకు భాయ్. ఏంజెయ్యాల్నో చెప్పు."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని నడుము పట్టీని దీపం కింద తిప్పి చూశాడు. "కుట్టు ఉన్నది గద. యాడ మడత బడాల్నో ఈడ నిషానీ ఉన్నది. మా అమ్మీ పెండ్లి దుపట్టాలకు చునట్ పెడుతుండె. గంజిల తడిపి, గోళ్ళతోని సన్నగ మడతలు పట్టి, దారం గట్టి ఆరబెడుతుండె. నువ్వు చీర కుచ్చిళ్ళు పట్టినోనివే గద. సబర్ జెయ్యి, అయితది."

ఇక్కడి షాపులన్నీ ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా మూస్తారు. ఆ మూడు గంటలే మాకు దొరికాయి, బుధవారం, గురువారం. మా రూములో ఉండే ఆరుగురినీ ఆ రెండు రోజులూ గంజి ఒక్క చుక్క కూడా పారబోయవద్దని బతిమాలాను. వాళ్ళు నాకు పైత్యం చేసిందనుకున్నారు. బుధవారం లంగాను మళ్ళీ తడిపి గంజిలో ముంచి టేబుల్ మీద పరిచాం. నడుము దగ్గర నేను మడత పట్టి కింది దాకా లాగుతాను, భాయ్ గోటితో గీటి అంచు దగ్గర బట్టల క్లిప్పు పెడతాడు. పది కాగానే దారంతో కట్టడం. లెక్కకు భాయ్ తన జపమాల, వందపూసల తస్బీ, మెడలో వేసుకున్నాడు.

రెండున్నరకు సగం దించిన షట్టర్ కింద నుంచి సాబ్ వంగి లోపలికి వచ్చాడు. యార్డు డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు. బెంచీ మీద కూర్చుని మా చేతులే చూశాడు. ఒక ముప్పై మడతలు పడ్డాక, మేం అడగకుండానే ముసలి సేనాని కథ మొదలుపెట్టాడు.

ఆ సేనాని పేరు మా ఇద్దరి నోళ్ళకూ తిరగలేదు, ముసలాయన అనే పిలిచాం. తల్లి శత్రువులకు దొరక్కుండా కొండల్లో పరుగెత్తుతుంటే ఒక చెట్టు కింద పుట్టాడట. పదేళ్ళకే తండ్రిని తుర్కులు చంపారు. కొండల్లో పెరిగి, తుపాకి పట్టి, దోపిడీలు చేసే గుంపులో కలిశాడు.

"దొంగనా సాబ్?" అన్నాడు భాయ్.

"తుర్కులకు దొంగ."

"మా దిక్కు గూడ గంతే సాబ్" అన్నాను. "దొరలకు దొంగయినోడు ఊరికి పెద్దమనిషి."

తరువాత కొండల్లో బతకలేక, సముద్రం దాటి పక్క దీవుల్లో ఇంగ్లీషువాళ్ళ పటాలంలో చేరాడట. తల మీద పెట్టుకునే ఇనుప టోపీ అక్కడి నుంచే వచ్చింది. ఆయన బొమ్మ ఎక్కడ చెక్కినా ఆ టోపీ ఉండాల్సిందేనట.

"అంటే పరాయి దేశంల డ్యూటీ జేసిండన్నట్టు" అన్నాడు భాయ్ నావైపు చూసి. "మనోడే తమ్మీ."

తిరుగుబాటు మొదలైందని తెలిసి ఇంటికి తిరిగి వచ్చేసరికి ఆయనకు యాభై. నాకప్పుడు యాభై ఒకటి. వినగానే కాస్త నడుము నిటారు చేసుకున్నాను. ఒక ఇరుకు కనుమలో వేలమంది తుర్కు సైన్యాన్ని ఎలా ఇరికించాడో సాబ్ మా టేబుల్ మీదే చూపించాడు. నా ఇస్త్రీ పెట్టె ఒక కొండ, గంజి గిన్నె ఇంకో కొండ, మధ్యలో వరుసగా నిలబెట్టిన బట్టల క్లిప్పులు తుర్కులు. యుద్ధం మంచి రసపట్టులో ఉండగా నా చేతిలో క్లిప్పులు అయిపోయాయి. "సాబ్, తుర్కులను ఇటియ్యండ్రి, మడతలు జారుతున్నయ్" అన్నాను. మంగళవారం తర్వాత ఆయన మొదటిసారి నవ్వాడు.

నవ్వి, ఏదో గుర్తొచ్చినట్టు భాయ్ గడ్డం వైపు చూసి కాస్త తడబడ్డాడు. భాయ్ గోటితో మడత గీస్తూనే, "ఫికర్ జెయ్యకుండ్రి సాబ్. మా హైదరాబాద్ నవాబుల ఇంటికి తుర్కుల దిక్కు నుంచే కోడలొచ్చింది. మేం పెండ్లోళ్ళం, లడాయి మాకెందుకు. మీరు కనుమ సంగతి చెప్పుండ్రి" అన్నాడు.

గురువారం కథ మాత్రం నా కడుపు మండించింది. గెలిచాక సొంతవాళ్ళలో వాళ్ళకే తగాదాలు వచ్చాయి. ఆ కొట్లాటలో ముసలాయన పెద్దకొడుకును చంపారు, ఆయన్ని జైల్లో పెట్టారు. శత్రువు మళ్ళీ మీదికి వస్తే అదే జైలు తలుపు తీసి, నువ్వే దిక్కన్నారు. సరే, అదీ అయింది, స్వతంత్రం వచ్చింది. పరాయి దేశం నుంచి ఒక చిన్నవాణ్ణి తెచ్చి రాజును చేశారు. ఆ రాజు తరఫున ఏలేవాళ్ళు ముసలాయన మీద ద్రోహం మోపి మరణశిక్ష వేశారు. జడ్జీల్లో ఇద్దరు మాత్రం చచ్చినా సంతకం పెట్టలేదట.

"గాయిన వల్లనే కుర్సీ ఎక్కి, గాయిన తలనే తీయబోయిండ్రా?" అన్నాను. మడత చేతిలోంచి జారిపోయింది.

"నీ పని నువ్వు చెయ్యి తమ్మీ" అన్నాడు భాయ్. "నీ తరఫున గా ఇద్దరు జడ్జీలు కొట్లాడుతున్నరనుకో."

ఆయన్ని కొండ మీద కోటలో చీకటి గదిలో ఉంచారు. రాజు పెద్దవాడయ్యాక వదిలేశాడు. బయటికి వచ్చిన మనిషి ఎవరి మీదా పగ తీర్చుకోలేదు. ఒక రోజు బడిపిల్లల్ని కొండ దగ్గర కూర్చోబెట్టుకుని, చదువుకోండి, కలిసి ఉండండి, మేం కొట్టుకున్నట్టు కొట్టుకోవద్దని చెప్పాడట. శుక్రవారం సాబ్ వేషం వేసుకుని చెప్పేది ఆ మాటలే.

"ఆయనకు సరిగా రాయడం రాదు సదీక్" అన్నాడు సాబ్. "ముసలితనంలో ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని తన బతుకంతా చెప్పుకుంటూ పోయాడు, ఆ మనిషి రాసుకుంటూ పోయాడు. అది రాయకపోతే ఈ రోజు నీకు నేనేం చెప్పేవాణ్ణి?"

నా చేతులు మడతల్లోనే ఉన్నాయి. "మీ అమ్మ గీ కుచ్చిళ్ళు ఎట్ల పెట్టిందో ఎవలకన్న చెప్పిందా సాబ్?" అన్నాను.

ఆయన కింద పడ్డ క్లిప్పు ఒకటి తీసి టేబుల్ మీద పెట్టాడు. "ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు" అన్నాడు. తర్వాత ఏదో పనుందని లేచి వెళ్ళాడు. పనేమీ లేదని నాకు తెలుసు.

నాలుగు కావస్తుండగా ఆఖరి మడత పడింది. భాయ్ తస్బీ మూడు చుట్లు పూర్తయి నాలుగో చుట్టులో ఎనభై ఆరు దగ్గర ఆగింది. మళ్ళీ లెక్కపెట్టాం. మూడు వందల ఎనభై ఆరే. నడుము కుట్టు కూడా అన్నే చెబుతోంది.

"పద్నాలుగు తక్కువ భాయ్. సాబ్‌కు చెప్పాల్నా?"

"తల్లి లెక్క అది. నువ్వెవనివి తప్పు పట్టనీకె?" అన్నాడు. అంతటితో ఆ మాట ఖలాస్. కట్టల మీద చెక్క వేసి, దాని మీద రెండు పాత ఇస్త్రీ పెట్టెలు బరువు పెట్టి, పక్కన ఫ్యాన్ తిప్పి వదిలేశాం.

శుక్రవారం పొద్దున సాబ్ వచ్చాక ఆయన ముందే దారాలు కోశాను. లంగా గుప్పున విచ్చుకుంది. ఆయన దాన్ని మొహం దగ్గరికి తీసుకుని వాసన చూశాడు. "అన్నం వాసన" అన్నాడు. వాళ్ళ అమ్మ గోధుమపిండి గంజి పెట్టేదట. ప్యాంటు మీదే కట్టుకుని బెంచీకీ టేబుల్‌కూ మధ్య ఒకసారి గిర్రున తిరిగాడు. మడతలన్నీ లేచి మళ్ళీ వాటి చోట వాలాయి.

"ఇవి మా అమ్మవి కావు" అన్నాడు.

"కావు సాబ్."

"బాగున్నాయి."

నాకు ఏడుపొచ్చింది. బాగున్నాయన్నందుకు సగం, కావన్నందుకు సగం. దాచుకోలేదు. ఆయన నా భుజం తట్టి, లంగాను పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద మోసుకుంటూ కారెక్కాడు. సాయంత్రం ఫోటో పంపాడు. అట్టతో చేసిన ఇనుప టోపీ, ఎర్ర కోటు, నా గంజి. చుట్టూ ఉన్న పిల్లలంతా సేనానిని వాసన చూస్తున్నారు.

ఏప్రిల్లో వెళుతూ వెళుతూ ఇంట్లో ఉన్న హ్యాంగర్లన్నీ నాకిచ్చి వెళ్ళాడు. అవన్నీ నావే, ఎనిమిదేళ్ళలో నా షాపు నుంచి వెళ్ళినవే.

ఈ ఏడు మార్చిలో ఒక మధ్యాహ్నం షట్టర్ సగం దించి అన్నం డబ్బా విప్పుతుంటే వీడియో కాల్ వచ్చింది. అవే మీసాలు, వెనక నీలం కిటికీ. పక్కన ఆయన కోడలు, టేబుల్ మీద ఆ లంగా. అక్కడి సముద్రపు తేమకు మడతలన్నీ వదిలిపోయాయట. ఈసారి కొడుకు కట్టుకుంటాడట.

"సదీక్, మా కోడలికి నేర్పు" అన్నాడు.

చేతికి అందిన నా లుంగీనే తడిపి పరిచాను. గంజి ఎంత చిక్కగా ఉండాలో, మడత ఎక్కడ పట్టాలో, గోరు ఎలా నడవాలో ఒక్కొక్కటే చూపించాను. సాబ్ ఒక్కో మాటా వాళ్ళ భాషలో ఆమెకు చెప్పాడు. పక్కనుంచి తల దూర్చిన భాయ్ సగం మాటలు నా నోట్లోంచి లాక్కున్నాడు. ఆమె నడుము కుట్టు లెక్కపెట్టి ముఖం చిట్లించి ఏదో అడిగింది. సాబ్ పకపక నవ్వాడు.

"మూడు వందల ఎనభై ఆరే ఉన్నాయి, తప్పా అంటోంది. నాకు ఏడేళ్ళప్పుడే నేను లెక్కపెట్టి అమ్మనడిగాను. ఆ పద్నాలుగేళ్ళూ ముసలాయన తగ్గించాడంది" అన్నాడు.

భాయ్ నన్ను మోచేత్తో పొడిచాడు. నేను నవ్వుతూ తర్వాతి మడత పట్టుకున్నాను. అప్పుడు ఆమె చెయ్యెత్తి, ఆగమంది. ఫోన్ దేనికో ఆనించి పెట్టి, ఒక నోట్‌బుక్ తెచ్చుకుని, పెన్ను మూత తీసింది.

మా అవ్వను ఎవరూ ఇది ఎలా చేస్తావని అడగలేదు. అమ్మను అడగలేదు. అయిందా, కాలేదా అనే అడిగారు. నా కొడుకు బీటెక్ చదివాడు, వాణ్ణి ఇస్త్రీ పెట్టె ముట్టనివ్వనిది నేనే. ఈ పని నాతోనే పోతుందని, పోతే పోయిందనీ ఎప్పుడో అనుకుని వదిలేశాను. ఇప్పుడు ఆ ముసలి సేనాని దేశంలో, ఒక నీలం కిటికీ పక్కన, నేను చెప్పింది ఒకరు రాసుకుంటున్నారు.

"మొదటి నుంచి, మెల్లగా చెప్పమంటోంది" అన్నాడు సాబ్.

"ముందుగాల అన్నం వండాలె సాబ్" అన్నాను. మడత జారిపోకుండా చేత్తో అలాగే పట్టుకుని, ఆమె రాసుకునేదాకా ఆగాను.